స్టార్ట్ బిట్, స్టాప్ బిట్, మా మావయ్యగారు

ఏలూరులో ఒక డిప్లొమా కాలేజీలో నేను చెప్పే పాఠాలన్నిటిలోకీ పిల్లలకి ఎక్కువ నిద్ర తెప్పించేది సీరియల్ పోర్టు పాఠం. మైక్రోకంట్రోలర్ అంటే వాళ్లకి ఇష్టమే. వాషింగ్ మెషీన్లోనూ, చేపల చెరువుల్లో నీళ్లు చిలికే యంత్రాల పెట్టెల్లోనూ ఉండే చిన్న చిప్పు అది. లైట్లు వెలిగిస్తుంది, మోటార్లు తిప్పుతుంది. కాని ఆ చిప్పు ఇంకో యంత్రంతో ఒకే తీగ మీద, ఒక బిట్టు వెనక ఒక బిట్టుగా ఎలా మాట్లాడుతుందో మొదలుపెట్టగానే వెనక బెంచీల్లో తలలు వాలిపోతాయి. తప్పు వాళ్లది కాదు. పుస్తకంలో ఆ పాఠం రిజిస్టర్ల, అంటే చిప్పు లోపల అంకెలు దాచుకునే గదుల, పేర్లతో మొదలై రిజిస్టర్ల పేర్లతోనే అయిపోతుంది. అక్షరానికి ముందొక స్టార్ట్ బిట్, వెనకొక స్టాప్ బిట్ ఉంటాయని రాసి ఊరుకుంటారు. ఎందుకుంటాయో చెప్పరు. కారణం చెప్పకుండా బట్టీ పట్టమనే పుస్తకాలంటే నాకు ఒళ్లు మంట.

ఆ కారణాన్ని చేతులారా ఎరిగిన మనిషి మా ఇంట్లోనే ఉన్నారు. మా మావయ్యగారు, అంటే మా ఆయన నాన్నగారు, మొదట ఏలూరులోనూ తర్వాత తాడేపల్లిగూడెంలోనూ టెలిగ్రాఫ్ ఆఫీసులో, ఇక్కడ కొట్టిన అక్షరాన్ని తీగ మీద అవతలి ఊళ్లో అచ్చేసే టెలిప్రింటర్ మీద, ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. మా ఇల్లు గూడెంలోనే. నేను పొద్దున్న రైలెక్కి ఏలూరు వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తాను. కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం కాఫీ తాగుతూ ఆయన్ని కదిపాను.

“మావయ్యగారూ, మా చిప్పులో ఉండే స్టార్ట్ బిట్టు మీ మిషన్లోంచే వచ్చిందటండీ.”

“మా మిషను బల్లంతా ఆక్రమించేదమ్మా. మీ చిప్పులో ఏ మూల పట్టింది?” అని నవ్వి, గ్లాసు పక్కన పెట్టి, బల్ల మీద వేలితో కొట్టి చూపించారు. ముందొకటి. తర్వాత అయిదు. ఆఖర్ని కాస్త సాగదీసి ఇంకొకటి.

“ఇక్కడ మా దగ్గరో మోటారు తిరుగుతుంది, బెజవాడలో ఇంకోటి తిరుగుతుంది. రెండూ ఒక్క వేగంతో తిరుగుతాయని ఎవరు పూచీ? రవ్వంత రవ్వంత తేడా వచ్చేస్తుంది. అందుకని అక్షరం అక్షరానికీ కొత్తగా పలకరించుకోవాలమ్మా. ‘మొదలెడుతున్నానండీ’ అని ఒకటి. తర్వాత అక్షరం. ‘అయిందండీ’ అని ఒకటి. ఇంకో అక్షరం కావాలంటే మళ్లీ మొదటికి రావాల్సిందే.”

“మాకు అక్షరానికి ఎనిమిది బిట్లండీ.”

“ఎనిమిదే? మేం అయిదుతో కానిచ్చేవాళ్లం. మీ కాలం వాళ్లకి దుబారా ఎక్కువ” అన్నారు.

బిట్లకి కూడా అండీ తగిలించి మాట్లాడించేది మా గోదావరి జిల్లాల వాళ్లే అయ్యుంటారు. నాకది తెగ నచ్చింది. నా వైపు కథ నేను చెప్పాను. మొదటి రోజుల కంప్యూటర్లకి కీబోర్డూ తెరా అన్నీ టెలిప్రింటరే కాబట్టి, దానితో మాట్లాడే పనికి విడిగా ఒక చిప్పు ఉండేదని చెప్పాను. తొలి మైక్రోకంట్రోలర్లు కొన్నింటిలో ఆ వసతే లేదు. ప్రోగ్రాం రాసేవాడు చిప్పుకుండే లోహపు కాళ్లలో ఒకదాన్ని పట్టుకుని, కాలం లెక్కపెట్టుకుంటూ, దాన్ని పైకీ కిందకీ ఆడించి ఒక్కొక్క బిట్టూ పంపుకోవాలి. ఆ అక్షరం వెళ్లేదాకా చిప్పుకి ఇంకో పని చూసే తీరిక ఉండదు. తర్వాత వచ్చిన 8051 లాంటి వాటిలో మాట్లాడే పనికి లోపలే ఒక విభాగం కట్టిపెట్టారు. అక్షరం దాని చేతిలో పెడితే చాలు, స్టార్ట్ బిట్టూ స్టాప్ బిట్టూ అదే తగిలించి పంపుతుంది. ఆయన శ్రద్ధగా విని, “అంటే నా ఉద్యోగం తీసి చిప్పులో పెట్టారన్నమాట” అన్నారు. అవును, అదే జరిగింది.

ఇంకోసారి నేను మా ల్యాబ్ బోర్డు మీద చిప్పుకి కాలం కొలిచిపెట్టే క్రిస్టల్ తెచ్చి చూపించాను. పన్నెండు అని చక్కటి అంకె ఉండగా దాని మీద పదకొండు పాయింట్ సున్నా అయిదు తొమ్మిది రెండు అని ఉంటుంది. పిల్లలు ఏటా అడుగుతారు, ఈ వంకర అంకె ఏమిటని. టెలిప్రింటర్ల పాత వేగాల్లో సెకనుకి డెబ్బై అయిదు బిట్లు అనేది ఒకటి. దాన్ని రెట్టింపు చేసుకుంటూ పోతే మా కంప్యూటర్లు వాడే తొమ్మిదివేల ఆరువందలు వస్తుంది. ఆ వేగం పైసా తేడా లేకుండా రావాలంటే ఈ వంకర అంకెనే భాగించాలి. ఆ లెక్క వేసి చూపిస్తే మావయ్యగారు క్రిస్టల్‌ని అరచేతిలో పెట్టుకుని, చంటిపిల్లాడి కాలిగజ్జెని చూసినట్టు చూశారు. అప్పట్నుంచి నా పాఠం మారిపోయింది. రిజిస్టర్లు ఆఖరికి జరిగాయి, మోటార్లు ముందుకొచ్చాయి. తలలు కూడా కాస్త తక్కువ వాలాయి.

ఆయన మాట తక్కువ మనిషి. ఆ లోటు అత్తయ్యగారు తీరుస్తారు. ఆవిడ పుట్టిల్లు మండవల్లి దగ్గర, కొల్లేటి అంచు. తండ్రి చేపలు ఐసు పెట్టెల్లో వేసి రైల్లో హౌరా పంపేవారు. అక్కడ ఏ రేటు పలికిందో టెలిగ్రాం వచ్చేది. దానికోసం ఏలూరు ఆఫీసుకి వచ్చి కూర్చుని, బల్ల ముందు తల ఎత్తకుండా పనిచేసుకునే కుర్రాణ్ణి చూసి పిల్లనిచ్చారు. ఆవిడ వంటింట్లోంచే వీధరుగు మీదున్న ఆయనతో మాట్లాడతారు. కూరల గురించి, పక్కింటి వాళ్ల గురించి, కైకలూరులో ఐసు, మేత కొట్టు నడిపే తమ్ముడి గురించి. ఆయన వింటారు. వాళ్ల కాపురం అలా నడిచింది, హాయిగానే నడిచింది.

పోయినేడు వానాకాలం మొదట్లో, ఒక ఉదయం, కాఫీ గ్లాసు ఆయన చేతిలోంచి జారింది. నేనప్పటికే రైల్లో ఉన్నాను. మా ఆయన క్యాంపులో ఉన్నారు. అత్తయ్యగారే ఎదురింటి వాళ్లని కేకేసి, ఆటో ఎక్కించి, గూడెంలో డాక్టరుకి చూపించి, అక్కడ్నించి అంబులెన్సులో ఏలూరు తీసుకొచ్చారు. బ్రెయిన్ స్ట్రోక్ అన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. కుడి చెయ్యీ, కుడి కాలూ చాలావరకు తిరిగొచ్చాయి. మాట పోయింది.

ఏలూరు ఆసుపత్రిలో స్పీచ్ థెరపీ చెప్పే ఆవిడ మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టి విడమర్చి చెప్పింది. ఆయనకి అన్నీ అర్థమవుతున్నాయి. చెప్పాలనుకున్న మాట లోపల ఉంది, బయటికొచ్చే దారి పాడైంది. ఆయన ప్రయత్నిస్తూ ఉంటే మెల్లిగా కొత్త దారి పడుతుంది. ఈ కొద్ది నెలలే ముఖ్యం. ప్రయత్నం మానేస్తే మాత్రం ఉన్న ఒకటి రెండు మాటలు కూడా పోవచ్చు. “ఎంతసేపు పట్టినా ఆయన్నే చెప్పనివ్వండి” అంది. మేం బుద్ధిగా తలూపాం.

తలూపి ఇంటికొచ్చి, చెయ్యకూడని పనే చేశాం. మా వైపు మర్యాద ఎలాంటిదంటే, ఎదుటి మనిషి మాటకి తడుముకుంటుంటే చూస్తూ ఊరుకోవడం మాకు చేతకాదు. అది మొరటుతనం కింద లెక్క. మనమే ఆ మాట అందించాలి. మావయ్యగారు “ప...” అని నోరు తెరిచేవారు. అంతే. “పాలాండీ?” అని ఒకరు. “పక్క సర్దమంటారా?” అని ఒకరు. “పడుకుంటారేమో, లేవండి లేవండి” అని ఇంకొకరు. కైకలూరు నుంచి అత్తయ్యగారి తమ్ముడు కొరమీను పట్టుకుని చూడటానికి వచ్చేవారు. “బావగారు మజ్జిగ అడుగుతున్నారే అక్కా” అని ఆయనే తీర్పిచ్చేవారు. మావయ్యగారు ఆయన మొహం వైపు ఒక క్షణం చూసి, సరేనని తలూపేవారు. కాదని చెప్పాలంటే మళ్లీ మాట కావాలి కదా. పైగా వచ్చిన మనిషిని కాదనడం ఆయనకీ మర్యాద కాదు. అలా ఆయన ఆ నెలంతా అడగని మజ్జిగ ఎంత తాగారో.

అత్తయ్యగారు అందరికంటే ముందుండేవారు. “ఇన్నేళ్లు కాపురం చేశాను, ఆయనకేం కావాలో నాకు తెలీదా” అనేవారు. నిజమే, చాలాసార్లు ఆవిడ సరిగ్గానే చెప్పేవారు. అదే చిక్కు. అన్నీ జరిగిపోతుంటే మాటతో పనేముంది? మెల్లమెల్లగా ఆయన నోరు తెరవడం తగ్గించారు. థెరపీకి వెళ్తే అక్కడావిడ అడిగిన ప్రశ్నకి ఆయన అత్తయ్యగారి వైపు చూసేవారు, అత్తయ్యగారు జవాబు చెప్పేవారు. ఒకరోజు థెరపీ ఆవిడ నన్ను వరండాలోకి పిలిచి, “ఆయన మానేస్తున్నారండీ” అంది. ఆయన బల్ల మీద వేలితో కొడుతూ ‘అయిందండీ’ అన్న గొంతు నాకు చెవిలో ఉంది. అది ఇంక వినను అనుకుంటే ఆ వరండాలోనే ఏడుపొచ్చింది.

ఆ మర్నాడు క్లాసులో సీరియల్ పోర్టు పాఠం. బోర్డు మీద గీత గీశాను. ఏమీ పంపనప్పుడు తీగ పై మట్టంలో ఉంటుంది, స్టార్ట్ బిట్ వచ్చినప్పుడు కిందకి పడుతుంది. ఎందుకిలా తలకిందులుగా అని ఎప్పుడూ అడిగే ప్రశ్నే ఒకమ్మాయి అడిగింది. టెలిగ్రాఫ్ లైన్లలో ఊరికే ఉన్నప్పుడు కూడా కరెంటు పారుతూనే ఉండేదని చెప్పాను. అది పారుతోందంటే తీగ తెగలేదు, అవతల మనిషి ఉన్నాడని. ఏమీ పంపనంత మాత్రాన ఏమీ లేనట్టు కాదని. చెబుతూ చెబుతూ ఆగిపోయాను. పిల్లలు నేను ఏదో మర్చిపోయాననుకున్నారు. మా ఇంట్లో మంచం మీద ఒక మనిషి మొదలెట్టబోతున్నాడని మాకు తెలిసే దారి లేదు, అయిందని తెలిసే దారీ లేదు. ఎప్పుడు మొదలో, ఎప్పుడు ఆఖరో మేమే నిర్ణయించేస్తున్నాం. మా చిప్పులకి ఇచ్చిన మర్యాద కూడా ఆయనకి ఇవ్వలేదు.

కాలేజీ ల్యాబ్‌లో పక్కన పెట్టేసిన పాత 8051 బోర్డులు రెండు అడిగి తెచ్చుకున్నాను. ఒకటి ఆయన మంచం పక్కన, ఎడమచేతికి అందేలా, పెద్ద బటన్‌తో పెట్టాను. ఇంకొకటి వంటింట్లో. మధ్య మూడు తీగలు: ఒకటి పంపడానికి, ఒకటి తీసుకోవడానికి, ఒకటి రెంటికీ ఉమ్మడి. ఆయన బటన్ నొక్కితే రెండుచోట్లా ఎర్ర లైటు వెలుగుతుంది. మళ్లీ నొక్కితే ఆరిపోతుంది. “దీనికి ఒక బల్బూ ఒక స్విచ్చీ చాలు కదా” అని మా ఆయన వేళాకోళం చేశారు. చాలు. కాని అది మావయ్యగారి ఉద్యోగం, చిప్పులోంచి తీసి ఆయనకి తిరిగివ్వాలని నాకనిపించింది. చాదస్తమంటే చాదస్తమే.

ఇంట్లో అందరికీ చెప్పాను. లైటు వెలిగితే ఆయన మొదలెట్టారని. ఆరిపోయేదాకా ఎవరూ నోరెత్తకూడదు. ఆయన చెప్పబోయేది తెలిసినా సరే. ఆయనకి కూడా చెప్పాను, దగ్గర కూర్చుని, మెల్లిగా. “మొదలెడుతున్నానండీ అన్నప్పుడు ఒకసారి నొక్కండి మావయ్యగారూ. అయిందండీ అన్నప్పుడు ఇంకోసారి.” ఆయన బటన్ మీద వేలు పెట్టి నా వైపు చూశారు. చాలా రోజుల తర్వాత ఆ కళ్లలో వేళాకోళం లాంటిది కనిపించింది.

మొదటి రోజుల్లో ఏమీ రాలేదు. లైటు వెలిగేది. మేం చేస్తున్న పని ఆపి వచ్చి నిలబడేవాళ్లం. ఆయన మెడ నరాలు బిగుసుకునేవి, నుదుటి మీద చెమట పట్టేది, ఏదో గాలి మాత్రం వచ్చేది. ఆయనే విసుగ్గా నొక్కి ఆర్పేసేవారు. అలా చూస్తూ నిలబడటం ఎంత కష్టమో నాకు ముందు తెలియలేదు. అత్తయ్యగారికైతే శిక్ష. చీర కొంగు నోట్లో కుక్కుకునేవారు. నాలుగో రోజో అయిదో రోజో ఆవిడకి కోపమొచ్చింది.

“ఆయన్ని పరీక్షకి కూర్చోబెట్టావే అమ్మాయ్? మంచినీళ్లు కావాలని నాకు తెలుస్తూనే ఉంది. గ్లాసు చేతిలో పట్టుకుని ఆయన అవస్థ చూస్తూ నుంచోమంటావా?”

“అత్తయ్యగారూ, ఈ నెలలు దాటితే ఇంక రాదన్నారండీ.”

“రాకపోతే రాకపోనీ. మనిషి ఉన్నాడు, నాకది చాలు” అన్నారు.

తీగలు పీకేద్దామని కూడా అనుకున్నాను. ఆవిడ మాటలో న్యాయం లేదని ఎలా అనను? ఆ రాత్రి భోజనాల దగ్గర ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కాని మర్నాడు పొద్దున్న మావయ్యగారే బటన్ నొక్కారు. అది చూసి ఆవిడ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

మొదటి మాట కైకలూరు ఆయన పుణ్యాన వచ్చింది. యథాప్రకారం “బావగారికి మజ్జిగ తెండి” అని ఆయన కేకేశారు. లైటు వెలిగింది. కైకలూరు ఆయనకి ఈ లైటు సంగతి తెలియదు. “ఉప్పు కాస్త వేసి...” అని ఇంకా చెబుతుంటే అత్తయ్యగారు తమ్ముడి నోటికి చెయ్యి అడ్డం పెట్టారు. అందరం ఆగాం. మావయ్యగారి పెదాలు కలిశాయి, విడిపోయాయి, మళ్లీ కలిశాయి.

“వ... వద్దు.”

తర్వాత నొక్కి లైటు ఆర్పేశారు. కైకలూరు ఆయన ముందు బిత్తరపోయి, తర్వాత పగలబడి నవ్వి, కళ్లు తుడుచుకున్నారు. “అయితే ఇన్నాళ్లూ బలవంతాన తాగించానన్నమాటండీ బావగారూ” అన్నారు. మావయ్యగారు తలూపారు.

అక్కడ్నుంచి రోజుకి ఒకటో రెండో. నీళ్లు. ఫ్యాను. పేపరు. ఒకరోజు నా పేరు. ఒకే మాట చెప్పడానికి ఒక్కోసారి అన్నం పొంగొచ్చేంత సేపు పట్టేది. ఆ సమయంలో ఇల్లంతా అలా నిలబడి ఉండటం మెల్లిగా మాకు అలవాటైంది. పక్కింటివాళ్లకి కూడా అలవాటైంది. లైటు చూసి గుమ్మంలోనే ఆగేవారు. థెరపీ ఆవిడ మాత్రం ఇంకా పూర్తిగా తృప్తి పడలేదు. “కావలసినవి అడుగుతున్నారు, సంతోషమే. కాని మాట మీద మాట పేర్చి ఒక వాక్యం రావాలి. తనంతట తను రావాలి” అంది. ఆ వాక్యం రాకపోతే ఇంతటితో ఆగిపోవచ్చని ఆవిడ అనలేదు, నాకు అర్థమైంది.

శ్రావణంలో ఒక ఆదివారం మధ్యాహ్నం. పొద్దుట్నుంచీ ముసురు. మా ఆయన బజారుకి వెళ్లారు. నేను కిటికీ దగ్గర పేపర్లు దిద్దుకుంటున్నాను. అత్తయ్యగారు మంచం పక్కన నేల మీద కూర్చుని గోంగూర ఒలుస్తూ, మామూలుగానే ఏవో చెప్పుకుపోతున్నారు. కొల్లేటికి నీళ్లు ఎక్కువొస్తున్నాయట, తమ్ముడు చెరువు గట్ల మీద బస్తాలు వేయిస్తున్నాడట. లైటు వెలిగింది.

ఆవిడ ఆగారు. చేతిలో కాడ అలాగే ఉంది. నేను పెన్ను కింద పెట్టాను. ఏం కావాలో అని ఇద్దరం ఆయన వైపు చూశాం. దుప్పటా, కిటికీ మూయాలా, నాలో నేను ఊహించుకోవడం మానలేదు.

“ఆ...” అన్నారు. చాలాసేపు ఏమీ లేదు. “ఆ... రోజు...”

లైటు వెలుగుతూనే ఉంది. ఆయన నా వైపు చూడటం లేదు.

“నీకు...”

అత్తయ్యగారు నోరు తెరవబోయి, లైటు చూసి, మూసుకున్నారు.

“భ... భయం...” మెడ నరం ఉబ్బింది. ఎడమచెయ్యి దుప్పటిని పట్టుకుంది. “భయం... వేసిందా?”

ఆయన వేలు వెతుక్కుంటూ బటన్ దగ్గరికి వెళ్లి నొక్కింది. లైటు ఆరిపోయింది.

ఇన్ని రోజులూ ఆయనకేం కావాలో, ఏం తోస్తోందో, ఎక్కడ నొప్పో అందరం కనుక్కుంటూనే ఉన్నాం. ఆయన దగ్గర ఒక ప్రశ్న ఉందని, అది ఆవిడ గురించని మాలో ఎవరికీ తట్టలేదు. ఆ ఉదయం ఆటోలో ఆయన పక్కన ఒంటరిగా కూర్చున్న మనిషిని ఆ సంగతి ఇంతవరకు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అత్తయ్యగారు గోంగూర వైపు చూస్తూ ఉండిపోయారు. “నాకేం భయమండీ” అని తేల్చేస్తారనుకున్నాను. అలాంటివి ఆవిడకి నోటి చివరే ఉంటాయి. ఈసారి ఏమీ రాలేదు. ఇప్పుడు మాట కోసం వెతుక్కుంటున్నది ఆవిడ. నాకు అందించాలనిపించింది. అందించలేదు.

“వేసిందండీ” అన్నారు చివరికి. “రైలు గేటు పడింది. ఆటో కదల్లేదు. మిమ్మల్ని పిలుస్తుంటే నా వైపు చూశారండీ. నేనెవరో తెలీనట్టు చూశారు. ఇంక తెలీదేమో అనుకున్నాను. ఇప్పటికీ పొద్దున్న మీరు కళ్లు తెరిచే ముందు వేస్తుందండీ.”

ఆవిడ చెయ్యి మంచం పట్టె మీదికి వెళ్లింది. ఆయన ఎడమచెయ్యి బటన్ మీద నుంచి లేచి వచ్చి దాని మీద పడింది. ఆ మధ్యాహ్నం అత్తయ్యగారు ఇంకా చాలాసేపు మాట్లాడారు, ఆగి ఆగి, మధ్యలో ఏడుస్తూ. మావయ్యగారు ఒక్కసారి కూడా లైటు వెయ్యలేదు.